2డి ఎకో రిపోర్ట్ చదవడం ఎలా: ఈఎఫ్ 38 అంటే గుండె 38 శాతమే పనిచేస్తోందని కాదు

ఎకో రిపోర్ట్‌లో ఈఎఫ్ (గుండె పంపింగ్‌ను చెప్పే అంకె) 38 శాతం అని ఉంటే, గుండెలో మిగతా 62 శాతం పోయిందని అర్థం కాదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే చాలా ఇళ్లలో ఆ రాత్రి జనం కాస్త నిద్రపోతారు. రిపోర్ట్ చేతికొచ్చేది సాయంత్రం, డాక్టర్ గారు దాన్ని చూసేది మర్నాడు మధ్యాహ్నానికి, ఈలోపు ఆ కాగితం ఫోటో చుట్టాలందరి వాట్సాప్‌లోకి వెళ్లిపోయి, ఎవరో ఒకరు "సగం కూడా పనిచేయట్లేదంట" అని తేల్చేసి, అది తిరిగి తిరిగి పేషెంటు చెవిన పడేసరికి "ఇంక లాభం లేదంట" అయిపోతుంది. అందుకే ఆ కాగితాన్ని పైనుంచి కింది దాకా ఎలా చదవాలో, ఏ లైను దగ్గర ఆగాలో, ఏ లైనుకి అసలు టెన్షన్ పడనక్కర్లేదో వివరంగా రాస్తున్నాను. మందు మార్చడం, ఆపడం మాత్రం మీ కార్డియాలజిస్టు పని. ఇది చదివి ఆ పని మీరు చేయకండి.

చెప్పడానికి వీలుగా ఒక నమూనా రిపోర్ట్ పెట్టుకుందాం. 58 ఏళ్ల మగ మనిషి, గుండెపోటు వచ్చి స్టెంట్ పడింది. ఆయన ఎకోలో ఇలా ఉందనుకోండి: ఎల్‌వీఐడీడీ 57 మి.మీ., ఎల్‌వీఐడీఎస్ 47, ఐవీఎస్ 10, ఎడమ కర్ణిక (పై గది) 42, ఈడీవీ 140 మి.లీ., ఈఎస్‌వీ 87 మి.లీ., ఈఎఫ్ 38 శాతం, ఎల్ఏడీ టెరిటరీలో ఆర్‌డబ్ల్యూఎంఏ, మైల్డ్ ఎంఆర్, గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్, ఆర్‌వీఎస్‌పీ 34, క్లాట్ లేదు. చివర్న "మోడరేట్ ఎల్‌వీ డిస్‌ఫంక్షన్" అని ముగింపు. ఎల్‌వీ అంటే గుండె ఎడమ కింది గది, మిగతా పదాలు కింద ఒక్కొక్కటిగా వస్తాయి.

మొదట: మీ చేతిలో ఉన్నది ఏ పరీక్ష?

ఇదేం ప్రశ్న అనుకోకండి. ఫైల్లో ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ), ఎకో, యాంజియోగ్రామ్ అన్నీ కలిసిపోయి ఉంటాయి, ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి అంటగట్టేస్తుంటారు. ఈసీజీ గుండెలోని కరెంటు సంకేతాలను చూపిస్తుంది. యాంజియోగ్రామ్ గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే నాళాల్లో బ్లాకులను చూపిస్తుంది. ఎకో అల్ట్రాసౌండ్‌తో గుండె ఎలా ముడుచుకుంటోంది, వాల్వులు ఎలా తెరుచుకుంటున్నాయి, గదులు ఎంత పెద్దగా ఉన్నాయి అని చూపిస్తుంది. కాబట్టి "ఎకో నార్మల్" అంటే "బ్లాకులు లేవు" అని కాదు. మూడు నాళాల్లోనూ గట్టి బ్లాకులున్న మనిషికి కూడా, కండరం ఇంకా దెబ్బతినకపోతే, విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఎకోలో ఈఎఫ్ 60 రావచ్చు. నడిస్తే ఛాతీ పట్టేస్తోందంటే, ఎకో బాగుంది కదా అని ఇంట్లో కూర్చోకూడదు.

పంపింగ్ కొలిచే పరీక్షలు ఎకో కాకుండా ముఖ్యంగా ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి మూగా స్కాన్: ఎర్ర రక్తకణాలకు టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని కొద్దిగా అంటించి, గామా కెమెరాతో ఫోటోలు తీస్తారు. క్యాన్సర్ మందులు వాడేవాళ్లకు దీన్ని ఎక్కువగా రాసేవాళ్లు, ఇప్పుడు చాలా చోట్ల ఎకోనే సరిపెడుతున్నారు. రెండోది కార్డియాక్ ఎంఆర్ఐ: అన్నిటికన్నా కచ్చితం, కానీ ఖర్చు, సమయం రెండూ ఎక్కువ. ఈఎఫ్ అంకె మూడింట్లోనూ వస్తుంది, కానీ ఒక దానిలో వచ్చిన 45ని ఇంకో దానిలో వచ్చిన 50తో పక్కపక్కన పెట్టి "ఐదు పెరిగింది" అని లెక్కేయకూడదు. కొలిచే పద్ధతులే వేరు.

పై భాగం: ఎవరూ చదవని నాలుగు లైన్లు

పేరు, వయసు, ఆడా మగా, తేదీ సరిగ్గా ఉన్నాయా చూడండి. రద్దీగా ఉండే సెంటర్లలో ఒకే పేరున్నవాళ్ల రిపోర్టులు మారిపోవచ్చు. ఆడవాళ్లకు, మగవాళ్లకు నార్మల్ అంకెలు వేరు కాబట్టి ఆ కాలమ్ తప్పయితే ముగింపు కూడా తప్పుతుంది.

తర్వాత "పూర్ విండో" లేదా "సబాప్టిమల్ ఇమేజెస్" అని ఎక్కడైనా రాశారేమో వెతకండి. లావుగా ఉన్నవాళ్లకు, ఎప్పట్నుంచో పొగ తాగి ఊపిరితిత్తులు ఉబ్బినవాళ్లకు, ఎడమ పక్కకు తిరిగి పడుకోలేనివాళ్లకు బొమ్మ సరిగ్గా రాదు. బొమ్మే సరిగ్గా రానప్పుడు అందులోంచి తీసిన ఈఎఫ్ ఒక అంచనా మాత్రమే. అలాగే పరీక్ష జరిగినప్పుడు గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, లయ తప్పి ఉందా అన్నది కూడా ముఖ్యం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు) ఉన్నవాళ్లకు ఒక్కో బీటుకి ఒక్కో ఈఎఫ్ వస్తుంది, అందుకే కొన్ని బీట్లు కొలిచి సగటు తీయాలి. గుండె నిమిషానికి 140 సార్లు పరిగెడుతున్నప్పుడు తీసిన అంకెను, నెమ్మదించాక తీసిన దానితో పోల్చి బెంగపెట్టుకోవద్దు.

ఈఎఫ్: ఆ అంకె ఎక్కడినుంచి వచ్చింది

ఈఎఫ్ అంటే ఎజెక్షన్ ఫ్రాక్షన్. గుండె ఎడమ కింది గది పూర్తిగా నిండినప్పుడు అందులో ఎంత రక్తం ఉంది, ముడుచుకున్నాక ఎంత మిగిలింది అని రెండు కొలతలు తీస్తారు. నిండినప్పటిది ఈడీవీ, మిగిలినది ఈఎస్‌వీ. మన నమూనాలో నిండినప్పుడు 140 మి.లీ., మిగిలింది 87 మి.లీ., అంటే ఒక్క దెబ్బకు బయటికి పోయింది 53 మి.లీ. 53ని 140తో భాగిస్తే దాదాపు 38 శాతం. అంతే, ఈఎఫ్ లెక్క ఇది.

ఇప్పుడు ఏ జబ్బూ లేని మనిషిని తీసుకుందాం. నిండినప్పుడు 120, మిగిలింది 50, బయటికి వెళ్లింది 70. ఈఎఫ్ 58 శాతం. చూశారా, ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా ప్రతిసారీ దాదాపు నలభై శాతం రక్తాన్ని లోపలే ఉంచుకుంటుంది. వంద శాతం ఖాళీ చేసే గుండె అంటూ ఉండదు. ఇది వందకి ఇన్ని మార్కులు అని వేసే పరీక్ష కాదు కాబట్టి, 38ని 100తో కాదు, 60తో పోల్చాలి. అలా చూసినా 38 తక్కువే, పట్టించుకుని తీరాల్సిందే, కానీ "మూడింట రెండొంతులు పోయింది" అన్నంత మాటైతే కాదు. పైగా బయటికి వెళ్లే రక్తం లెక్కలో చూస్తే ఆ 58 ఏళ్లాయనకు 53 మి.లీ. వెళ్తోంది, ఆరోగ్యవంతుడికి 70. గది పెద్దదైపోయి ఆ లోటును కొంత పూడుస్తోందన్నమాట, అయితే అలా పెద్దదవడమే దీర్ఘకాలంలో గుండెకు చేటు చేస్తుంది, గది కొలతల సంగతి కింద వస్తుంది.

అమెరికా, యూరప్ ఎకో సంఘాలు కలిసి 2015లో ఇచ్చిన కొలతల ప్రకారం మగవాళ్లకు నార్మల్ 52 నుంచి 72, ఆడవాళ్లకు 54 నుంచి 74. మగవాళ్లకు 41 నుంచి 51, ఆడవాళ్లకు 41 నుంచి 53 ఉంటే మైల్డ్, 30 నుంచి 40 ఉంటే మోడరేట్, 30 లోపు ఉంటే సివియర్. మన దగ్గర చాలా సెంటర్లలో "గుడ్ ఎల్‌వీ ఫంక్షన్", "ఫెయిర్ ఎల్‌వీ ఫంక్షన్" అని మాటల్లో రాసేస్తారు, ఫెయిర్ అంటే ఎంతో ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, అంకె రాయకపోతే అడిగి రాయించుకోండి, అది మీ హక్కు.

హార్ట్ ఫెయిల్యూర్ (గుండె తన పని సరిగ్గా చేయలేక ఆయాసం, వాపు వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు డాక్టర్లు ఇంకో రకంగా విడగొడతారు: 40, అంతకంటే తక్కువ ఒక గుంపు, 41 నుంచి 49 మధ్యది, 50 ఆపైన ఇంకో గుంపు. మందులు ఏవి ఎంతగా పనిచేస్తాయన్నది ఈ గుంపును బట్టి మారుతుంది. మూడో గుంపు మనవాళ్లకు అసలు అర్థం కాదు. "పంపింగ్ 60 ఉంది అంటున్నారు, మళ్లీ హార్ట్ ఫెయిల్యూర్ అంటున్నారు, ఏదో ఒకటి చెప్పండి" అని డాక్టర్‌తో గొడవపడేవాళ్లు ఉన్నారు. రెండూ నిజమే కావచ్చు. గుండె బాగానే ముడుచుకుంటోంది, కానీ గట్టిపడిపోయి సరిగ్గా వదులవ్వట్లేదు, దాంతో రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లోకి ఒత్తిడి పెడుతోంది. బీపీ, షుగర్, బరువు మూడూ ఉన్న పెద్దవయసు ఆడవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

మరి 75, 80 వస్తే ఇంకా మంచిదా? కాదు. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువ కావడం, ఒంట్లో నీరు తగ్గిపోవడం, లేదా గుండె గోడ పుట్టుకతో వచ్చే జన్యు కారణాల వల్ల మందంగా పెరిగిపోవడం లాంటి వాటిల్లో కూడా ఈఎఫ్ అలా పైకి పోతుంది.

ఆ అంకె ఎలా కొలిచారో చూడండి

ఈఎఫ్ పక్కనే "సింప్సన్స్", "బైప్లేన్" అని ఉంటే, రెండు కోణాల్లో గది అంచును గీసి మెషీన్‌తో లెక్క కట్టించారని అర్థం. ఇది మెరుగైన పద్ధతి. "ఎం-మోడ్" లేదా "టైకోల్జ్" అని ఉంటే ఒక్క గీత మీద కొలిచిన వెడల్పుల నుంచి లెక్కగట్టారు. గుండె మొత్తం ఒకేలా ముడుచుకునేవాళ్లకు అది నడుస్తుంది. గుండెపోటు వచ్చి ఒక పక్క గోడ మాత్రమే చచ్చుబడ్డవాళ్లకు అది తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ఆ గీత బాగున్న చోట పడితే అంకె పెరుగుతుంది, బాగోలేని చోట పడితే తగ్గుతుంది. ఇంకో రకం, అనుభవమున్న డాక్టర్ కంటితో చూసి "40 ఉంటుంది" అని రాసేయడం. ఇది వినడానికి దారుణంగా ఉన్నా, చెయ్యి తిరిగిన కార్డియాలజిస్టు కంటి లెక్క చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది. ఈఎఫ్ 35, 40, 45 అని ఎప్పుడూ ఐదుల్లోనే వస్తుంటే అది కంటి లెక్కే అయి ఉండొచ్చు.

ఇందులోంచి తేలేది ఏంటంటే, ఒకే మనిషికి ఒకే వారంలో ఇద్దరు వేర్వేరు చోట్ల ఎకో తీస్తే ఐదు, ఒక్కోసారి పది పాయింట్ల తేడా కూడా వస్తుంది. ఆరు నెలల కిందట 42, ఇప్పుడు 39. ఏడవాల్సిన పని లేదు. అప్పుడు 42, ఇప్పుడు 28. అది వేరే సంగతి, అక్కడ నిజంగానే ఏదో మారింది. వీలైతే ప్రతిసారీ ఒకే సెంటర్‌లో చేయించండి. ఊరు మారిస్తే పాత రిపోర్ట్ వెంట తీసుకెళ్లి ఎకో చేసే డాక్టర్‌కి ముందే చూపించండి.

ఆర్‌డబ్ల్యూఎంఏ: గుండెపోటు వచ్చినవాళ్లకు ఈఎఫ్ తర్వాత ముఖ్యమైన లైను

గోడలో ఒక భాగం మిగతా భాగాలతో సమానంగా కదలకపోతే ఈ అక్షరాలు రాస్తారు. "నో ఆర్‌డబ్ల్యూఎంఏ" అంటే అన్ని గోడలూ బాగానే కదులుతున్నాయి. హైపోకైనీసియా అంటే కదలిక తగ్గింది, ఏకైనీసియా అంటే కదలట్లేదు, డిస్‌కైనీసియా అంటే మిగతా గుండె లోపలికి ముడుచుకుంటుంటే ఆ ముక్క మాత్రం బయటికి ఉబ్బుతోంది. పక్కనే ఎల్ఏడీ, ఆర్‌సీఏ, ఎల్‌సీఎక్స్ అని రాస్తారు. అవి గుండె కండరానికి రక్తమిచ్చే మూడు ముఖ్యమైన నాళాల పేర్లు. ఎల్ఏడీ టెరిటరీ అంటే ముందు గోడ, మధ్య గోడలో ఎక్కువ భాగం, కింది కొన. మన నమూనాలో గుండెపోటు దెబ్బ అక్కడ పడింది.

ఇక్కడ ఒక ఆశ కలిగించే విషయం ఉంది. గుండెపోటు వచ్చిన మొదటి రోజుల్లో కదలకుండా కనిపించే కండరం అంతా చచ్చిపోయినట్టు కాదు, కొంత మూర్ఛపోయినట్టు ఉండి, నాళం తెరిచాక వారాల్లో తేరుకుంటుంది. అందుకే డిశ్చార్జ్ రోజు ఎకోను చివరి తీర్పుగా పట్టుకోకుండా, మందులు పూర్తి మోతాదులో వాడాక మళ్లీ చేస్తారు. ప్రమాదకరంగా లయ తప్పితే షాక్ ఇచ్చే ఐసీడీ అనే పరికరం ఛాతీలో పెట్టాలా అన్నది కూడా ఆ రెండో ఎకో మీదే ఆధారపడుతుంది: గుండెపోటు తర్వాత కనీసం 40 రోజులు గడిచి, మందులతో 3 నెలలు చూశాక కూడా ఈఎఫ్ 35 లేదా అంతకన్నా తక్కువే ఉంటే ఆ మాట ఎత్తుతారు. మొదటి వారంలోనే తొందరపెడితే, ఎందుకు ఆగకూడదో అడగండి, సరైన కారణం ఉంటే వాళ్లే చెప్తారు.

ఒక ముక్క కాకుండా గుండె మొత్తం మందకొడిగా కదులుతుంటే "గ్లోబల్ హైపోకైనీసియా" అని రాస్తారు. అప్పుడు కారణాల కోసం వేరే వైపు వెతకాలి: ఏళ్ల తరబడి తాగుడు, వైరల్ ఇన్ఫెక్షన్, థైరాయిడ్, చాలాకాలం అదుపులేని వేగంతో గుండె కొట్టుకోవడం, కుటుంబంలో వచ్చే కార్డియోమయోపతీ (గుండె కండరం జబ్బు). నెలలు నిండినప్పుడో, కాన్పయిన 5 నెలల లోపో ఆయాసం మొదలై ఈఎఫ్ 45 కంటే తక్కువున్న ఆడవాళ్ల విషయంలో పెరిపార్టమ్ కార్డియోమయోపతీ అన్న మాట వినిపిస్తుంది. బాలింత ఆయాసాన్ని "నీరసంలే, పత్యం సరిగ్గా చేయట్లేదు" అని కొట్టిపారేసే అత్తగార్లకు ఈ పేరా చదివి వినిపించండి. అన్నట్టు వీటిల్లో చాలావరకు కారణం పట్టుకుంటే ఈఎఫ్ బాగా కోలుకునే అవకాశం ఉన్నవే.

గది సైజు, గోడ మందం

ఎల్‌వీఐడీడీ అంటే నిండినప్పుడు ఎడమ కింది గది వెడల్పు. మగవాళ్లకు 42 నుంచి 58 మి.మీ., ఆడవాళ్లకు 38 నుంచి 52. ఎల్‌వీఐడీఎస్ అంటే ముడుచుకున్నప్పుడు, మగవాళ్లకు 25 నుంచి 40, ఆడవాళ్లకు 22 నుంచి 35. మన నమూనాలో 57, 47 ఉన్నాయి: మొదటిది అంచున ఉంది, రెండోది దాటింది. చాలా ప్రింటెడ్ ఫార్మాట్లలో పక్కన నార్మల్ రేంజ్ ఒక్కటే, అదీ మగవాళ్లదే ఉంటుంది. సన్నగా పొట్టిగా ఉన్న ఆవిడకి 54 వస్తే ఆ కాగితం నార్మల్ అనే చూపిస్తుంది, నిజానికి ఆమె గుండె కాస్త పెద్దదైనట్టే. అందుకే ఒడ్డూ పొడుగూ చెప్పాలి, వాటిని బట్టి సవరించిన లెక్క వేయమని అడగొచ్చు.

ఐవీఎస్, పీడబ్ల్యూ అన్నవి గోడల మందం. మగవాళ్లకు 10, ఆడవాళ్లకు 9 మి.మీ. దాకా మామూలు. 12, 13 ఉండి పక్కన "కన్సెంట్రిక్ ఎల్‌వీహెచ్" (ఎడమ కింది గది గోడలు చుట్టూ మందమవడం) అని రాశారంటే చాలామందిలో కారణం ఒకటే, బీపీ ఏళ్లుగా అదుపులో లేదు. క్లినిక్‌లో చూసినప్పుడు 130 ఉంటోందని ధీమాగా ఉండేవాళ్ల గుట్టు ఈ లైను బయటపెట్టేస్తుంది. ఎడమ కర్ణిక పెద్దదైతే, మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 38 మి.మీ. దాటితే, లోపల ఒత్తిడి చాన్నాళ్లుగా ఉందనీ, లయ తప్పే అవకాశం పెరిగిందనీ గుర్తు.

గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్

జనాన్ని అనవసరంగా భయపెట్టేది ఈ లైనే. గుండె వదులయ్యేటప్పుడు కాస్త నెమ్మదించింది అని అర్థం. అరవై దాటినవాళ్లలో చాలామందికి వయసుతో పాటే వస్తుంది. ఆయాసం లేదు, కాళ్ల వాపు లేదు, ఎడమ కర్ణిక పెద్దది కాలేదు అంటే దీనికి విడిగా మందేమీ ఉండదు. బీపీ, షుగర్, బరువు చూసుకోవడమే. గ్రేడ్ 2, గ్రేడ్ 3 అని ఉంటే మాత్రం, లేదా ఈ బై ఈ-ప్రైమ్ (E/e') అనే అంకె 14 దాటితే, లోపల ప్రెషర్ పెరిగిందని అర్థం కాబట్టి డాక్టర్‌ని ఆ లైను మీద ప్రత్యేకంగా అడగండి. మోకాలి ఆపరేషన్‌కో హెర్నియాకో ఫిట్‌నెస్ కోసం ఎకో తీయించి, గ్రేడ్ 1 చూసి ఆపరేషన్ వాయిదా వేసుకున్నవాళ్లు ఉన్నారు, మత్తు డాక్టర్ అభ్యంతరం చెప్పకపోయినా.

వాల్వులు

ఎంఆర్, టీఆర్, ఏఆర్ అంటే వాల్వు సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారడం. మొదటి అక్షరం వాల్వు పేరు: ఎం అంటే మైట్రల్, టీ అంటే ట్రైకస్పిడ్, ఏ అంటే అయోర్టిక్. ట్రివియల్ అంటే ఉందా లేదా అన్నంత, చాలామంది ఆరోగ్యవంతులకీ ఉంటుంది, మర్చిపోండి. మైల్డ్ అయితే సాధారణంగా కనిపెట్టుకుని ఉంటే చాలు. మోడరేట్, సివియర్ అయితే మాట్లాడాలి. ఎంఎస్, ఏఎస్ అంటే వాల్వు సన్నబడడం. మైట్రల్ వాల్వు వైశాల్యం మామూలుగా 4 నుంచి 6 చదరపు సెం.మీ., 1.5 లేదా అంతకన్నా తగ్గితే సివియర్ కింద లెక్క. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చినవాళ్లకు ఈ వాల్వే ఎక్కువగా దెబ్బతింటుంది. బృహద్ధమని దగ్గరి వాల్వు (అయోర్టిక్) 1 చదరపు సెం.మీ.కి తగ్గినా, దాని గుండా రక్తం సెకనుకు 4 మీటర్ల వేగం దాటినా సివియర్ అంటారు.

ఈఎఫ్ ఒక్కటే చూసేవాళ్లు బోర్లాపడేది ఇక్కడే. సివియర్ ఎంఆర్ ఉన్నప్పుడు గుండె ముడుచుకున్న ప్రతిసారీ కొంత రక్తం ముందుకు కాకుండా వెనక్కి కర్ణికలోకి పోతుంది. లెక్కలో అది కూడా "బయటికి వెళ్లిన" రక్తమే. అందువల్ల ఈఎఫ్ ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. ఇలాంటివాళ్లలో ఈఎఫ్ 60కి దిగినా, ముడుచుకున్నప్పటి వెడల్పు 40 మి.మీ.కి చేరినా డాక్టర్లు వాల్వు ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. మనమేమో "60 ఉందిగా, బ్రహ్మాండం" అని ఇంటికొచ్చేస్తాం.

కుడి వైపు, చివరి లైన్లు

ఆర్‌వీఎస్‌పీ లేదా పీఏఎస్‌పీ అంటే ఊపిరితిత్తుల వైపు వెళ్లే నాళంలో ఒత్తిడి అంచనా. 35 దాకా మామూలే. 50, 60 ఉంటే ఎడమ గుండె జబ్బో, ఊపిరితిత్తుల జబ్బో, నాళంలో గడ్డో వెతకాలి. టాప్సీ (కుడి కింది గది కదలిక కొలత) 17 మి.మీ. లేదా ఆపైన ఉంటే కుడి వైపు పంపింగ్ ఫర్వాలేదు. "నో క్లాట్, నో వెజిటేషన్, నో పెరికార్డియల్ ఎఫ్యూజన్" అంటే గడ్డ లేదు, వాల్వు మీద ఇన్ఫెక్షన్ ముద్దలు కనిపించలేదు, గుండె చుట్టూ నీరు చేరలేదు. ఎల్ఏడీ గుండెపోటులో కింది కొన దగ్గర గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి మన నమూనా లాంటివాళ్లు క్లాట్ లైను తప్పకుండా చూడాలి. ఉంటే రక్తం పలచబడే మందు విషయంలో ఆలస్యం చేయకూడదు.

క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లకు

డాక్సోరుబిసిన్, ట్రాస్టుజుమాబ్ లాంటి మందులు కొందరిలో గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి. అందుకే మొదలుపెట్టే ముందు ఒక ఎకో తప్పనిసరి, ట్రాస్టుజుమాబ్ వాడుతున్నంతకాలం సాధారణంగా 3 నెలలకోసారి. వీళ్లు చూడాల్సింది ఇప్పటి అంకె ఒక్కటే కాదు, మొదటి అంకె నుంచి ఎంత దిగింది అన్నది: 10 పాయింట్లు తగ్గి 50 లోపుకి వచ్చిందంటే ఆంకాలజిస్టుకీ కార్డియాలజిస్టుకీ ఇద్దరికీ తెలియాలి. జీఎల్‌ఎస్ అని, గుండె కండరం ఎంత కుదించుకుంటోందో చెప్పే ఇంకో అంకె మైనస్ గుర్తుతో ఉంటుంది, మైనస్ 20 దగ్గర్లో ఉంటే మంచిది, ఈఎఫ్ దిగకముందే ఇది దిగుతుంది. మైనస్ ఉంది కదా అని కంగారుపడకండి, దాని రాత అంతే.

డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు

పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టి, ఒక తెల్ల కాగితం మీద తేదీ, ఈఎఫ్, ఎల్‌వీఐడీడీ, ఎంఆర్, ఎక్కడ చేయించారు అని రాసి తీసుకెళ్లండి. ఐదు నిమిషాల కన్సల్టేషన్‌లో ఆ ఒక్క కాగితం ఫైలు మొత్తం కన్నా ఎక్కువ పని చేస్తుంది. అడగాల్సినవి: ఈఎఫ్ తగ్గడానికి కారణం ఏంటి, ఆ కారణం సరిచేయగలిగిందేనా, ప్రస్తుత మందుల మోతాదు ఇంకా పెంచే వీలుందా, మళ్లీ ఎకో ఎప్పుడు. మూడో ప్రశ్న చాలామంది అడగరు. ఈఎఫ్ 40, అంతకన్నా తక్కువున్న హార్ట్ ఫెయిల్యూర్‌కి ఇప్పుడు నాలుగు రకాల మందులు కలిపి వాడతారు: సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ లేదా ఆ కోవలోది, బిసోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్, స్పైరోనోలాక్టోన్ లేదా ఎప్లెరినోన్, డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్. చివరివి షుగర్ మందులే, కానీ షుగర్ లేనివాళ్లకూ గుండె కోసం ఇస్తారు, "నాకు షుగర్ లేదు, ఇదెందుకు రాశారు" అని మెడికల్ షాపులోనే వదిలేసి రావద్దు. బీపీ, కిడ్నీ, పొటాషియం చూసుకుంటూ మోతాదు పెంచుకుంటూ పోతారు, అందుకే మధ్యలో రక్త పరీక్షలు.

అంకె కన్నా మనిషిని చూడటం ముఖ్యం. ఈఎఫ్ 30తో రోజూ పార్కులో నడిచేవాళ్లున్నారు, 55తో మెట్లెక్కలేనివాళ్లున్నారు. ఇంట్లో ఒక బరువు మిషన్ పెట్టుకుని రోజూ పొద్దున్నే, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు చూసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందంటే అది కొవ్వు కాదు, నీరు. ఫోన్ చేయండి. ఉప్పు విషయంలో కూరలో తగ్గించి ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు మామూలుగానే తింటే లెక్క ఏమీ మారదు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ రకం మాత్రలు, ఇంజెక్షన్లు సొంతంగా వేసుకోవద్దు, అవి ఒంట్లో నీరు పట్టేస్తాయి, కిడ్నీని ఇబ్బంది పెడతాయి. ఊళ్లో సూది వేసే ఆయనకి ఈ సంగతి ముందే చెప్పి పెట్టుకోండి. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి తగ్గకపోవడం, వీటికి రిపోర్ట్ వెతుక్కుంటూ కూర్చోకుండా 108కి చేయండి.

ఈఎఫ్ పెరిగాక

మన నమూనా మనిషికి ఆరు నెలల తర్వాత ఎకోలో 50 వచ్చిందనుకోండి. ఇల్లంతా సంతోషం, తిరుపతి మొక్కు తీర్చేస్తారు, ఆ తర్వాత వచ్చే మాట "ఇంక ఈ మాత్రలెందుకు". 40, అంతకన్నా తక్కువ నుంచి కనీసం 10 పాయింట్లు పెరిగి 40 దాటితే డాక్టర్లు దాన్ని "మెరుగైన ఈఎఫ్" అంటారు, "నయమైంది" అనరు. బ్రిటన్‌లో ట్రెడ్-హెచ్‌ఎఫ్ అనే పరిశోధనలో, గుండె కండరం బలహీనపడే కార్డియోమయోపతీ నుంచి పూర్తిగా కోలుకుని, ఈఎఫ్ నార్మల్‌కి వచ్చి, ఏ ఇబ్బందీ లేనివాళ్లకు డాక్టర్ల పర్యవేక్షణలోనే మెల్లగా మందులు ఆపి చూశారు. ఆరు నెలల్లో పదిమందిలో నలుగురికి పైగా జబ్బు తిరగబెట్టింది. అది గుండెపోటు వచ్చినవాళ్ల మీద చేసింది కాదు, కానీ వీళ్ల గుండెలో మచ్చ కూడా ఉంటుంది కాబట్టి మాత్రలు ఆపే ధైర్యం ఇంకా తక్కువ చేయాలి. నీరు తగ్గించే మాత్ర ఒక్కటి డాక్టర్ తగ్గించొచ్చు, వాపు లేకపోతే ఆపొచ్చు కూడా. మిగతావి ఆయన ఆపమని రాసిచ్చేదాకా వేసుకోవాల్సిందే. రేటు భారంగా ఉంటే మానేయకుండా ఆ మాటే నేరుగా చెప్పండి, అదే మందులో తక్కువ ధర బ్రాండు, జెనెరిక్ ఏది దొరుకుతుందో రాసిస్తారు.